కూపే ఎస్‌యూవీ కొంటున్నారా? బద్వేలు లాంటి ఊళ్లో ఉంటే సంతకం పెట్టేముందు ఒక్కసారి వెనక సీట్లో కూర్చోండి

ముందు నుంచి చూస్తే ఎస్‌యూవీ. పక్క నుంచి చూస్తే స్పోర్ట్స్ కారు. కప్పు డ్రైవర్ తల దాటగానే వెనక్కి జారుతూ డిక్కీ మీద ఆగుతుంది. ఇన్‌స్టా రీల్స్‌లో, సినిమా వాళ్ల ఇళ్ల ముందు, గల్ఫ్ రోడ్ల మీద ఎక్కువగా కనిపించే ఈ షేపు బండ్లనే కూపే ఎస్‌యూవీలు, కూపే క్రాసోవర్లు అంటున్నారు. ఇప్పుడు వీటి గురించి అడుగుతున్నది హైదరాబాద్, బెంగళూరు వాళ్లే కాదు. కువైట్‌లో ఏళ్ల తరబడి కష్టపడిన వాళ్లు, కాంట్రాక్టులు, వ్యాపారాలు చేసుకునే వాళ్లు కడప జిల్లా బద్వేలు లాంటి పట్టణాల నుంచి కూడా వీటి వైపు చూస్తున్నారు.

కొనుక్కోవడం తప్పేం కాదు. కానీ ఇది అరకోటి దాటే కొనుగోలు. షోరూంలో చెప్పే ధర వేరు, ఇంటి ముందుకు వచ్చేసరికి అయ్యే ఖర్చు వేరు. పైగా నగరంలో ఉన్నవాళ్లకు పెద్దగా పట్టని విషయాలు కొన్ని బద్వేలులో చాలా పట్టించుకోవాల్సి వస్తుంది. అవేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

లెక్క అర్థం కావడానికి ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. కొడుకు కువైట్‌లో పదేళ్లుగా పనిచేస్తున్నాడు. బద్వేలులో అమ్మానాన్న, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. నాన్నకు పొలం, చిన్న వ్యాపారం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రూ.50 లక్షల దగ్గర ఓ లగ్జరీ కూపే క్రాసోవర్ మీద కొడుకు కన్నేశాడు. ఈ ఇంటికి ఆ బండి సరిపోతుందా?

అసలు కూపే అంటే ఏంటి?

కూపే అనేది ఫ్రెంచ్ మాట. కత్తిరించినది అని అర్థం. గుర్రపు బగ్గీల కాలంలో వెనక భాగం కుదించి చేసిన చిన్న బగ్గీని అలా పిలిచేవారు. కార్లు వచ్చాక రెండు తలుపులు, వెనక్కి వాలిన కప్పు ఉన్న కార్లకు ఆ పేరు అంటుకుంది.

ఇక క్రాసోవర్ అంటే చూడ్డానికి ఎస్‌యూవీలా ఎత్తుగా ఉన్నా, లోపల కారు నిర్మాణమే ఉన్న బండి. ఫార్చూనర్, స్కార్పియో, బొలెరో లాంటి వాటికి కింద లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉంటుంది. దాని మీద బాడీ బిగిస్తారు. క్రాసోవర్‌కు అలా ఉండదు, బాడీ, ఫ్రేమ్ రెండూ ఒకటే. అందుకే నడపడానికి మెత్తగా, కారులా ఉంటుంది. కానీ గతుకుల దారిలో ఫార్చూనర్‌ను తోలినట్టు దీన్ని తోలలేం. సీమ రోడ్ల మీద సుమోలు, స్కార్పియోలు చూసి పెరిగిన వాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఇదే.

ఈ రెండింటినీ కలిపితే కూపే క్రాసోవర్. కొరియా కంపెనీ శాంగ్‌యాంగ్ 2005లోనే యాక్టియాన్ పేరుతో ఇలాంటి బండి తెచ్చింది. కానీ ప్రపంచం మొత్తం తిరిగి చూసింది మాత్రం 2008లో బీఎండబ్ల్యూ ఎక్స్6 వచ్చినప్పుడే. అప్పట్లో చాలామంది ఇదేం షేపు అని నవ్వారు. బండ్లు అమ్ముడయ్యాక మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. బీఎండబ్ల్యూ ఎక్స్4, మెర్సిడెస్ జీఎల్‌ఈ కూపే, జీఎల్‌సీ కూపే వరుసగా వచ్చాయి. ఆ తర్వాత అదే షేపు చిన్న సైజు బండ్లకూ దిగింది.

మన దగ్గరికి వచ్చినవి ఏవి?

లగ్జరీ కాంపాక్ట్ సైజులో మన దేశానికి వచ్చిన వాటిలో ముందుగా చెప్పుకోవాల్సింది ఆడీ క్యూ3 స్పోర్ట్‌బ్యాక్. 2023 ఫిబ్రవరిలో రూ.51.43 లక్షల ఎక్స్ షోరూం ధరతో వచ్చింది. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 190 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్, నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చే క్వాట్రో సిస్టమ్. మామూలు క్యూ3కి, దీనికి కింద భాగం అంతా దాదాపు ఒకటే. తేడా పైన కప్పులోనే.

ఇక్కడో విషయం గమనించాలి. క్యూ3 కొత్త తరాన్ని ఆడీ 2025 జూన్‌లో విదేశాల్లో ఆవిష్కరించింది. అందులోనూ స్పోర్ట్‌బ్యాక్ ఉంది. కాబట్టి డీలర్ దగ్గర పాత తరం స్టాక్ ఉంటే, అది ఏ నెలలో, ఏ ఏడాదిలో తయారైందో అడగాలి. తర్వాతే ధర మాట్లాడాలి. మోడల్ మారిపోతే రేపు అమ్మేటప్పుడు దెబ్బ తగిలేది మనకే.

ఎలక్ట్రిక్‌లో వోల్వో సీ40 రీఛార్జ్ 2023 సెప్టెంబర్‌లో రూ.61.25 లక్షలకు వచ్చింది. దీన్ని బెంగళూరు పక్కనే ఉన్న హోస్‌కోటేలో అసెంబుల్ చేశారు. తర్వాత అంతర్జాతీయంగా కంపెనీ దీని పేరును ఈసీ40గా మార్చింది. బీఎండబ్ల్యూ ఎక్స్4 కూడా 2019లో మన మార్కెట్‌కు వచ్చింది కానీ అది వీటికంటే ఒక సైజు పెద్దది. ఇలాంటివి ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కనిపిస్తాయి. దాని సంగతి కింద చూద్దాం.

వాలు కప్పు ఇచ్చేది అందం, తీసుకునేది చోటు

క్యూ3, క్యూ3 స్పోర్ట్‌బ్యాక్ రెండింటి చక్రాల మధ్య దూరం ఒకటే. కప్పు మాత్రం స్పోర్ట్‌బ్యాక్‌లో సుమారు 3 సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. మూడు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అది కప్పు అత్యంత ఎత్తుగా ఉన్న చోట లెక్క. వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి కప్పు ఇంకా దిగుతుంది. దీనివల్ల మూడు ఇబ్బందులు ఉంటాయి.

మొదటిది తల. ఆరడుగుల మనిషి వెనక కూర్చుంటే తల కప్పుకు తగలొచ్చు, లేదా తగిలేంత దగ్గరగా ఉంటుంది. దానికంటే పెద్ద సమస్య ఎక్కడం, దిగడం. తలుపు పైభాగం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి తల వంచి, నడుము వంచి లోపలికి వెళ్లాలి. మనం అనుకున్న ఇంట్లో అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె తిరుమల వెళ్లినా, కడప ఆసుపత్రికి వెళ్లినా కూర్చునేది వెనక సీట్లోనే. బండి ఖరీదు రూ.50 లక్షలైనా, ఆమె దృష్టిలో అది ఎక్కలేని బండి అయితే ఏం లాభం?

రెండోది డిక్కీ. కంపెనీలు లీటర్లలో చెప్పే లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ కూపేలో కింద వెడల్పు ఉన్నా పైన ఎత్తు ఉండదు. మెత్తటి బ్యాగులు పడతాయి, నిలువుగా ఉండే పెద్ద సూట్‌కేసులు, అట్టపెట్టెలు పట్టవు. కువైట్ నుంచి మనిషి వస్తున్నాడంటే చెన్నై ఎయిర్‌పోర్టులో ఎన్ని పెట్టెలు దిగుతాయో కడప జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. పైగా చాలా లగ్జరీ బండ్లలో స్పేర్ టైరు కూడా డిక్కీలోనే చోటు తింటుంది.

మూడోది వెనక చూపు. వెనక అద్దం బాగా వాలి, సన్నగా ఉంటుంది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు ఓ చీలికలా కనిపిస్తుంది. వెనక వైపర్ లేని కూపే మోడళ్లూ చాలా ఉన్నాయి. కెమెరా, సెన్సర్లు ఉంటాయి నిజమే. కానీ మట్టి రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు పోయాక కెమెరా మీద దుమ్ము పేరుకుంటే అవీ అంతంతమాత్రమే.

ఇంకోటి, మన ఎండ. కడప జిల్లాలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. వాలుగా ఉన్న వెనక అద్దం నుంచి ఎండ నేరుగా వెనక కూర్చున్న వాళ్ల మెడ మీద పడుతుంది. నల్ల ఫిల్మ్ వేసేద్దాం అనుకుంటే రూల్స్ అడ్డం వస్తాయి. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాల్సిందే. అందుకే వెనక ఏసీ వెంట్లు ఉన్నాయా, పక్క కిటికీలకు కర్టెన్లు ఉన్నాయా అనేది ముందే చూసుకోవాలి. టెస్ట్ డ్రైవ్ సాయంత్రం చల్లపూట కాకుండా మధ్యాహ్నం పూట అడగడం మంచిది.

రూ.50 లక్షల కారు ఇంటికి ఎంతకు వస్తుంది?

ముందు జీఎస్టీ సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను శ్లాబులు మారాయి. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీలపై 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్ కలిపి 50 శాతం పన్ను ఉండేది. ఇప్పుడు సెస్ తీసేసి 40 శాతం ఒక్కటే ఉంచారు. దీంతో ఎక్స్ షోరూం ధర సుమారు ఆరున్నర శాతం తగ్గింది. ఉదాహరణకు ఆడీ క్యూ3 ప్రారంభ ధర రూ.46.14 లక్షల నుంచి రూ.43.07 లక్షలకు వచ్చింది. ఎలక్ట్రిక్ కార్లకు మాత్రం ముందూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే.

ఇక ఎక్స్ షోరూం ధర సరిగ్గా రూ.50 లక్షలు అనుకుందాం.

జీవిత పన్ను: మన రాష్ట్రంలో కారు ధర పెరిగే కొద్దీ శాతం పెరుగుతుంది. 2022 సవరణ ప్రకారం రూ.20 లక్షలు దాటిన కార్లకు 18 శాతం. అంటే రూ.9 లక్షలు.

టీసీఎస్: రూ.10 లక్షలు దాటిన కారు మీద డీలర్ 1 శాతం వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకు కడతారు. అంటే రూ.50 వేలు. ఇది పోయే డబ్బు కాదు. రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది, పన్ను లేకపోతే వాపసు వస్తుంది. వ్యవసాయ ఆదాయం మాత్రమే ఉన్న రైతు కూడా రిటర్ను వేస్తేనే ఈ డబ్బు తిరిగి వస్తుందని గుర్తుంచుకోవాలి.

ఇన్సూరెన్స్: యాడ్ ఆన్‌లు కలిపి రూ.2 లక్షలు అనుకుందాం.

మిగతావి: రిజిస్ట్రేషన్ ఖర్చులు, ఫాస్టాగ్, మ్యాట్లు, చిన్నాచితకా కలిపి రూ.50 వేలు.

మొత్తం రూ.62 లక్షలు. అంటే షోరూం బోర్డు మీద ఉన్న ధరకు ఇంకో రూ.12 లక్షలు కలిపితే తప్ప బండి ఇంటికి రాదు. ఆ రూ.12 లక్షలతో ఓ మంచి మామూలు కారే వస్తుంది!

చేతి డబ్బు రూ.22 లక్షలు పెట్టి, మిగతా రూ.40 లక్షలు లోన్ తీసుకున్నారనుకుందాం. 9 శాతం వడ్డీకి అయిదేళ్లయితే నెలకు ఈఎంఐ సుమారు రూ.83 వేలు. ఏడేళ్లయితే సుమారు రూ.64 వేలు. నెలకు కట్టేది తగ్గింది కదా అని ఏడేళ్లకే చాలామంది మొగ్గుతారు. కానీ అయిదేళ్లలో వడ్డీ రూ.9.8 లక్షలు అయితే, ఏడేళ్లలో అది రూ.14 లక్షలు అవుతుంది. అంటే ఏడేళ్ల తర్వాత లెక్క వేస్తే ఈ కారుకు పెట్టింది రూ.76 లక్షలు. అప్పటికి కారు విలువ మాత్రం కొన్నదాంట్లో చిన్న ముక్కే. ఖరీదైన కార్లకు మొదటి మూడు, నాలుగేళ్లలోనే రేటు గట్టిగా పడిపోతుంది.

పెట్రోల్ కూడా చూడండి. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు, లీటరుకు 10 కిలోమీటర్ల మైలేజీ, లీటరు రూ.110 అనుకుంటే ఏడాదికి రూ.1.10 లక్షలు. నిజానికి ఈ మొత్తం లెక్కలో ఇది చిన్న అంకెల్లో ఒకటే.

డబ్బు నగదుగా కడతాం అంటే కుదరదు. ఒక లావాదేవీలో రూ.2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. జరిమానా తీసుకున్నవాళ్లకే పడుతుంది కాబట్టి డీలర్లు ఒప్పుకోరు. కొడుకు కువైట్ నుంచి పంపే డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే రావాలి. కొడుకు అమ్మానాన్నలకు ఇచ్చే డబ్బు దగ్గరి బంధువు ఇచ్చిన బహుమతి కిందికి వస్తుంది, దానిపై పన్ను ఉండదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం జాగ్రత్త చేసుకోవాలి.

కువైట్ నుంచే బండి తెచ్చుకోవచ్చా?

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అక్కడ ఈ కార్లు చాలా తక్కువకు దొరుకుతాయి. కానీ కువైట్ కార్లకు స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది. మన దగ్గర దిగుమతి చేసుకునే కారుకు స్టీరింగ్ కుడి వైపే ఉండాలి. అక్కడితోనే ఆ ఆలోచన ఆగిపోతుంది. కుడి స్టీరింగ్ ఉన్న దేశం నుంచి తెద్దామన్నా, దిగుమతి సుంకాలతో ధర రెట్టింపు దాటిపోతుంది.

మరి పక్క రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయిస్తే? పన్ను తక్కువ ఉన్న చోట ఎవరో తెలిసిన వాళ్ల అడ్రస్ పెట్టి రిజిస్ట్రేషన్ చేయించండి అని సలహాలిచ్చే వాళ్లు ఉంటారు. మోటారు వాహన చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అప్పుడు ఇక్కడి పన్నూ కట్టాలి. తప్పుడు అడ్రస్ పెట్టి ఉంటే కేసు, రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ. సరైన పద్ధతి ఏంటంటే, చెన్నైలోనో బెంగళూరులోనో కొన్నా టెంపరరీ రిజిస్ట్రేషన్ మీద తీసుకొచ్చి ఇక్కడే రిజిస్ట్రేషన్ చేయించుకోవడం. ఒకప్పుడు ఏపీ 04 చూడగానే కడప బండి అని తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే సిరీస్ కాబట్టి ఇప్పుడు ఆ ముచ్చట కూడా లేదు.

సర్వీసింగ్ ఎక్కడ?

నగరంలో ఉన్నవాళ్లు పెద్దగా ఆలోచించని విషయం ఇది. బద్వేలులో లగ్జరీ కార్ల షోరూం లేదు. ప్రధాన సర్వీస్ సెంటర్లు అంటే చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, విజయవాడ వైపే చూడాలి. వందల కిలోమీటర్ల దూరం.

ఏడాదికోసారి చేయించే సర్వీసుకు పోయి రావడం పెద్ద సమస్య కాదు, ఓ రోజు పని. సమస్య అనుకోకుండా ఆగినప్పుడు వస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగితే మన ఊరి మెకానిక్ ఎంత పనిమంతుడైనా ముట్టుకోలేడు. ఆ కంపెనీ స్కానర్, ఆ కంపెనీ పార్టు కావాలి. బండిని లారీ మీద ఎక్కించి పంపాలి. పార్టు వచ్చేదాకా రెండు వారాలు పట్టినా పట్టొచ్చు. ఆ రెండు వారాలు ఇంట్లో ఇంకో బండి ఉందా? ఉంటే సరే. లేకపోతే, రాత్రిపూట అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఎలా అనేది ముందే ఆలోచించుకోవాలి.

డీలర్‌ను ఈ నాలుగు ప్రశ్నలు తప్పకుండా అడగండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ బద్వేలు దాకా వస్తుందా? టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితం? ఇంటి దగ్గరే బండి తీసుకుని, సర్వీస్ చేసి తిరిగి దించుతారా, దానికి ఎంత? బండి వారం దాటి ఆగితే వేరే కారు ఇస్తారా? సమాధానాలు నోటిమాటగా కాకుండా మెయిల్‌లో తీసుకోండి.

రోడ్లు బాగుపడుతున్నాయి, కానీ...

బద్వేలు మీదుగా 67వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఇటు మైదుకూరు, ప్రొద్దుటూరు, అటు వెలిగొండ కొండలు దాటి ఆత్మకూరు, నెల్లూరు. బద్వేలు, నెల్లూరు మధ్య నాలుగు వరుసల రోడ్డుకు కేంద్ర కేబినెట్ 2025 మేలో ఆమోదం తెలిపింది. బద్వేలు పక్కనున్న గోపవరం దగ్గర మొదలై నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం పోర్టు జంక్షన్ దాకా 108 కిలోమీటర్లు, ఖర్చు రూ.3,653 కోట్లు. ఇప్పుడు 142 కిలోమీటర్లుగా ఉన్న పోర్టు దూరం దీంతో సుమారు 34 కిలోమీటర్లు తగ్గుతుందని కేంద్రం చెప్పింది. అది పూర్తయితే చెన్నై ప్రయాణమూ సులువవుతుంది. లగ్జరీ కారు అసలు సుఖం అలాంటి రోడ్ల మీదే తెలుస్తుంది.

కానీ రోజూ తిరిగేది హైవే మీదే కాదు. ఊళ్లో సందులు, పల్లెల దారులు, పొలం బాట, ఎక్కడ పడితే అక్కడ స్పీడ్ బ్రేకర్లు. ఈ కార్లకు పెద్ద అల్లాయ్ చక్రాలు, వాటి మీద సన్నటి టైర్లు ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి. గుంతలో పడితే మాత్రం టైరు పక్క గోడ ఉబ్బుతుంది, అల్లాయ్ వంగుతుంది. ఉబ్బిన టైరుకు పంక్చర్ వేసినట్టు అతుకు వేయలేం, మార్చాల్సిందే. ఆ సైజు టైరు దగ్గర్లో దొరకడం కూడా కష్టమే.

అందుకే ఒకే మోడల్లో చిన్న చక్రాలున్న వేరియంట్ దొరికితే అదే తీసుకోండి. ఇన్సూరెన్స్‌లో టైర్ కవర్, ఇంజిన్ ప్రొటెక్షన్, జీరో డిప్రిసియేషన్ తప్పనిసరి. వరద నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ పోతే మామూలు పాలసీలో క్లెయిమ్ రాదు. రిటర్న్ టు ఇన్‌వాయిస్ కూడా ఉంటే, బండి పూర్తిగా దెబ్బతిన్నప్పుడు కొన్న ధర చేతికొస్తుంది.

ఎలక్ట్రిక్ అయితే?

సీ40 లాంటి వాటిలో 78 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉంటుంది. ఇంట్లో 11 కిలోవాట్ ఛార్జర్ ఉంటే రాత్రి పెడితే పొద్దున్నే ఫుల్. కానీ దానికి త్రీ ఫేజ్ కనెక్షన్, సరిపడా లోడ్ కావాలి. కారు బుక్ చేయకముందే ఎస్పీడీసీఎల్ ఆఫీసులో లోడ్ పెంచడానికి ఎంతవుతుందో కనుక్కోండి. మామూలు 15 ఆంప్స్ ప్లగ్ మీద అయితే ఇంత బ్యాటరీ నిండటానికి ఒక రోజు సరిపోదు. చెన్నై, బెంగళూరు దారిలో మీరు వెళ్లే రూట్లో ఫాస్ట్ ఛార్జర్లు పనిచేస్తున్నాయో లేదో, ఒకసారి మామూలు కారులో వెళ్లినప్పుడే ఆగి చూసుకోవడం ఉత్తమం.

సెకండ్ హ్యాండ్ కూపే చౌకే, కానీ...

రూ.60 లక్షల కారు నాలుగైదేళ్లకు సగానికి దొరుకుతోందంటే మనసు లాగుతుంది. రేటు పడిపోయే బాధ మొదటి ఓనర్ పడ్డాడు కాబట్టి కొంత లాభమే. అయితే పార్టుల ధరలు మాత్రం సగం కావు. రూ.30 లక్షలకు కొన్న కారుకు కూడా హెడ్‌లైట్ రేటు రూ.60 లక్షల కారు రేటే.

కొనే ముందు కంపెనీ సర్వీస్ హిస్టరీ మొత్తం తీయించాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూడాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇస్తారో లేదో అడగాలి, ఇవ్వకపోతే వెనక్కి రావడమే మేలు. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ, లోన్ క్లియరెన్స్, ఇక్కడ కట్టాల్సిన జీవిత పన్ను కలిపి లెక్కేసుకోవాలి. ఇంకోటి, 2023 ఏప్రిల్ కంటే ముందు తయారైన పెట్రోల్ కారు అయితే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు అది సరిపోతుందో లేదో ఓనర్ మాన్యువల్‌లో చూడండి.

అదే షేపు, తక్కువ ధరలో

మీకు నచ్చింది బ్యాడ్జ్ కాదు, షేపే అయితే ఇప్పుడు వేరే దారులున్నాయి. 2024 ఆగస్టులో సిట్రోయెన్ బసాల్ట్ రూ.7.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. అదే నెలలో టాటా కర్వ్ ఎలక్ట్రిక్ రూ.17.49 లక్షలకు, సెప్టెంబర్‌లో పెట్రోల్, డీజిల్ కర్వ్ రూ.9.99 లక్షలకు వచ్చాయి. నవంబర్‌లో మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ రూ.21.90 లక్షలకు ప్రకటించింది. ఇవి అప్పటి ప్రారంభ ధరలు. కర్వ్‌కు, ఎక్స్‌ఈవీ 9ఈకి భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్ రేటింగ్ ఉంది.

లగ్జరీ కారులో ఉండే ఇంజిన్, క్యాబిన్ నాణ్యత, హైవే మీద నిలకడ వీటిలో అంతే స్థాయిలో ఉండవు, అది ఒప్పుకోవాలి. కానీ సర్వీస్ సెంటర్ మన జిల్లాలోనో పక్క జిల్లాలోనో ఉంటుంది. మిగిలే డబ్బుతో బోలెడు పనులు అవుతాయి. వాలు కప్పు ఇబ్బంది మాత్రం వీటికీ ఉంటుంది. ధర తగ్గినంత మాత్రాన తల పైన చోటు పెరగదు.

టెస్ట్ డ్రైవ్‌కు ఎవరిని తీసుకెళ్లాలి?

మామూలుగా ఏం జరుగుతుంది? కొడుకు, ఇద్దరు స్నేహితులు వెళ్తారు. ముందు సీట్లో కూర్చుంటారు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి దూకుతుంది. సాయంత్రానికి బుకింగ్ అయిపోతుంది. వెనక సీటు సంగతి డెలివరీ రోజు పూజ చేసి గుడికి బయల్దేరినప్పుడు తెలుస్తుంది.

అలా కాకుండా ఇలా చేయండి. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లండి. అమ్మను వెనక సీట్లోకి తనంతట తాను ఎక్కమనండి, దిగమనండి. ఒకసారి కాదు, మూడుసార్లు. పొడుగ్గా ఉన్నవాళ్లను వెనక కూర్చోబెట్టి ఓ స్పీడ్ బ్రేకర్ దాటించండి. గల్ఫ్ ప్రయాణానికి వాడే పెద్ద సూట్‌కేసు ఒకటి వెంట తీసుకెళ్లి డిక్కీలో పెట్టి మూత వేసి చూడండి. రివర్స్ గేర్‌లో కెమెరా ఆపేసి అద్దాలతోనే వెనక్కి తీసి చూడండి. అదే కంపెనీ అమ్మే మామూలు కప్పున్న బండిలో కూడా అదే రోజు కూర్చోండి. రెండింటికీ తేడా అప్పుడు ఒంటికే తెలుస్తుంది.

మరి మనం అనుకున్న కుటుంబం ఏం చేయాలి? ఇంట్లో ఇంకో బండి ఉండి, ఈఎంఐ కొడుకు జీతంలో నాలుగో వంతు దాటకుండా ఉండి, ఈ బండిలో ఎక్కువగా తిరిగేది ఇద్దరు, ముగ్గురే అయితే కూపే కొనుక్కోవచ్చు. కష్టపడిన డబ్బు, నచ్చిన బండి, ఎవరూ కాదనరు. కానీ ఇంటికి ఉండేది ఒకటే బండి, అందులోనే అమ్మానాన్న, పిల్లలు, పెట్టెలు అన్నీ ఎక్కాలంటే, అదే కంపెనీ మామూలు ఎస్‌యూవీ మంచిది. ధర తక్కువ, చోటు ఎక్కువ.

గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఏడాదికి నెల రోజులు వచ్చి నడుపుతాడు. మిగతా పదకొండు నెలలు ఆ బండిలో తిరిగేది ఇంట్లో వాళ్లు. కాబట్టి వీడియో కాల్‌లో రంగు అడిగే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "అమ్మా, వెనక సీటు ఎట్లుంది? ఎక్కి దిగడానికి ఇబ్బందేమన్నా ఉందా?" ఆమె చెప్పే సమాధానాన్ని బట్టే అడ్వాన్స్ కట్టండి.